ప్రతి మెట్టూ మాట్లాడక్కర్లేదు, చివరి మెట్టు పలికితే చాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డ్యూప్లెక్స్ ఇల్లు. అమ్మగారికి 72 ఏళ్లు, గ్లకోమాతో చూపు తగ్గింది. దిగేటప్పుడు నేల వచ్చేసిందనుకుని చివరి మెట్టు దగ్గర రెండుసార్లు పడబోయారు. అందుకని ప్రతి మెట్టుకీ ఒక సెన్సర్ పెట్టి "ఒకటి, రెండు, మూడు" అని మాట్లాడించాలని మీ ఆలోచన. నాన్నగారేమో ట్యాంకులో నీళ్లు చూడ్డానికి రోజూ డాబా మీద ఇనుప నిచ్చెన ఎక్కుతారు, దానికీ ఏదైనా శబ్దం పెట్టొచ్చా అని అడిగారు.

పెట్టొచ్చు. కానీ మీరు అనుకున్న పద్ధతిలో వద్దు. నేను విశాఖలో ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు మెయింటెనెన్స్‌లోనూ, సేఫ్టీలోనూ పనిచేసి రిటైరయ్యాను. బిగించిన బజర్లకీ హూటర్లకీ లెక్కలేదు. అయినా మెట్ల దగ్గర శబ్దం గురించి నాకు తెలిసిందంతా మా అత్తగారి పుణ్యమే. ముందు ఆ కథ వినండి, మీకు ఒక నెల కష్టం తప్పుతుంది.

ఆవిడ మా ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, షాపుల గుమ్మాల్లో మనిషి రాగానే మోగే సెన్సర్ ఉంటుంది చూడండి, అలాంటిది తెచ్చి మెట్ల పైన గోడకి పెట్టాను. అందులో మా అమ్మాయి గొంతు రికార్డు చేశాం: "అమ్మమ్మా, మెట్లు వచ్చాయి, జాగ్రత్త." మొదటి వారం ఆవిడ మురిసిపోయారు, వచ్చిన వాళ్లందరికీ చూపించారు. రెండో వారం నుంచి ఆ మాట ఆవిడ చెవికి ఎక్కడం మానేసింది. ఫ్యాను చప్పుడు మనకి వినపడనట్టే అదీను. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. పిల్లలు ఎక్కినా దిగినా అది అరుస్తూనే ఉంది. చివరికి మా బావమరిది తన కండువా దానికి చుట్టి నోరు నొక్కేశాడు.

అసలు సంగతి మే నెలలో బయటపడింది. మధ్యాహ్నం ఆవిడ గదిలోంచి వస్తున్నారు, నేను కింద హాల్లో ఉన్నాను. సెన్సర్ పలకలేదు. పలకలేదు కాబట్టి మెట్లు ఇంకా దూరమే అనుకుని ఆవిడ నడుస్తూనే ఉన్నారు. చెయ్యి రెయిలింగ్ మీద ఉండబట్టి ఒక మెట్టు జారి కూర్చుండిపోయారు, అంతే. తర్వాత ఆలోచిస్తే కారణం చిన్నదే. ఆ సెన్సర్ మనిషిని చూడదు, ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ ఉన్న తేడాని పసిగడుతుంది. మన ఎండాకాలంలో మెట్ల గది గోడే ఒంటితో సమానంగా కాగిపోయి ఉంటుంది. ఇక దానికి తేడా ఏం తెలుస్తుంది? పైగా ఒకసారి మోగాక కొన్ని క్షణాలు కళ్లు మూసుకుంటుంది, వెనకే వచ్చే రెండో మనిషి దానికి లెక్కలో లేడు. ఆ సాయంత్రమే పీకేశాను.

అప్పటినుంచి ఏ శబ్దం పెట్టాలన్నా నేను ముందు ఆలోచించేది అది ఎలా మోగుతుందని కాదు. అది మూగబోయిన రోజు ఏమవుతుందని.

మెట్లకి రెండు చివరలున్నాయి. పైన "మెట్లు మొదలవుతున్నాయి" అని శబ్దం చెప్పాలి. అది మూగబోతే మనిషి గాలిలో అడుగేస్తారు. కింద "ఇదే చివరి మెట్టు" అని చెప్పాలి. అది మూగబోతే? నేల మీదకి వచ్చేసినా ఇంకో మెట్టు ఉందేమో అని కాలితో ఒకటి రెండుసార్లు తడుముకుంటారు. నవ్వుకుంటారు, పడరు. అంటే శబ్దాన్ని నమ్ముకోదగ్గది కింది చివరలోనే. పై చివరలో దాన్ని నమ్ముకోకూడదు. అక్కడ కాలికి తగిలేది ఉండాలి, కంటికి కనిపించేది ఉండాలి, చేతికి రెయిలింగ్ అందాలి. శబ్దం ఉంటే ఉండనివ్వండి, అదనం.

మీ అంకెల ఆలోచనకి కూడా ఇదే అడ్డం. పదిహేడు మెట్లకి పదిహేడు సెన్సర్లంటే చెడిపోవడానికి పదిహేడు చోట్లు. ఒకటి పలక్కపోతే అమ్మగారి లెక్క తప్పుతుంది, తప్పిన లెక్కతో ధైర్యంగా దిగుతారు. అసలు లెక్కే లేకపోతే కనీసం జాగ్రత్తగా దిగుతారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "పదమూడు" అని పలికి ముగించేలోపు కాలు పధ్నాలుగు మీద ఉంటుంది.

స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లోని ఓడెన్‌ప్లాన్ స్టేషన్‌లో 2009లో మెట్లన్నీ పియానో చేసి పెట్టారు, అడుగేస్తే స్వరం పలుకుతుంది. వీడియో మీరూ చూసే ఉంటారు. జనం ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కాలని చేసిన సరదా పని అది. సరదా వేరు, జాగ్రత్త వేరు. అన్ని మెట్లూ పాడితే ఏ మెట్టు ముఖ్యమో తెలీదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన మొదటి పని చెప్తాను, దీనికి శబ్దంతో సంబంధం లేదు. టేపు తీసుకుని మీ మెట్లన్నీ ఒక్కొక్కటీ కొలవండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఏడున్నర అంగుళాలు దాటకూడదంటుంది. అడుగేసే వెడల్పు 250 మిల్లీమీటర్లకి తగ్గకూడదంటుంది. ఆ హద్దుల్లో ఉన్నాయా లేదా అన్నది రెండో సంగతి. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది మొదటిది. మన ఇళ్లలో కింది మెట్టు తరచుగా మిగతావాటికంటే పొట్టిగా ఉంటుంది. మెట్ల స్లాబ్ ముందు పోస్తారు. ఆ తర్వాత హాల్లో మాలు వేసి దానిమీద గ్రానైట్ పరిచేసరికి నేల రెండు మూడు అంగుళాలు పైకి లేస్తుంది, ఆ మేరకు మొదటి మెట్టు మునిగిపోతుంది. దీనికితోడు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్న పట్టింపు. సంఖ్య సరిపెట్టడానికి మేస్త్రీ ఎక్కడో ఒక చోట ఒక పొట్టి మెట్టు ఇరికిస్తాడు.

మన కాలు మూడు నాలుగు మెట్లు దిగేసరికి ఎత్తు నేర్చేసుకుంటుంది, ఆ తర్వాత మనం ఆలోచించం. చివర్లో రెండంగుళాలు తేడా వస్తే కళ్లు బాగున్నవాళ్లు కూడా తూలతారు. గ్లకోమాలో కింది వైపు చూపు తగ్గినవాళ్లకి పాదాల దగ్గర ఏముందో ముందే సరిగా కనపడదు. అమ్మగారు చదవడానికీ దూరానికీ కలిపి ఒకే కళ్లజోడు వాడుతుంటే, దాని కింది భాగం పుస్తకం దూరానికి పెట్టింది కాబట్టి మెట్లు మసకగా కనిపిస్తాయి. మెట్ల దగ్గరికి దూరపు చూపు అద్దాలు వేరేగా వాడొచ్చా అని కంటి డాక్టర్ని తప్పకుండా అడగండి.

రెండోది రెయిలింగ్. డ్యూప్లెక్సుల్లో ఒక ఫ్యాషన్ ఉంది. కింది రెండు మెట్లు వెడల్పుగా, విసనకర్రలా బయటికి పరుస్తారు, రెయిలింగ్ మాత్రం మూడో మెట్టు దగ్గర స్తంభంతో ఆగిపోతుంది. అసలు అవసరమైన చోట చేతికేమీ ఉండదు. మీదీ అలాంటిదే అయితే గోడ వైపు ఒక పైపు వేయించండి. అది చివరి మెట్టు దాటి కనీసం ఇంకో అడుగు నేల మీదకి రావాలి. నేను చెప్పబోయే శబ్దం ఈ పైపు మీదే ఆధారపడింది.

సెన్సర్ పీకేశాక నేను చేసిందిది. అత్తగారిని రెయిలింగ్ పట్టుకుని మెల్లగా మూడుసార్లు దిగమన్నాను. ఆవిడ రెండు కాళ్లూ చివరి మెట్టు మీద నిలిచినప్పుడు చెయ్యి ఎక్కడుందో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాను. మూడుసార్లూ గుర్తులు నాలుగు వేళ్ల వెడల్పులోనే పడ్డాయి. ఆ చెయ్యి ఎప్పుడూ పాదం కంటే ముందుంటుంది, జానెడు పైనే. అందుకే గుర్తు మనం అంచనా వేసి పెట్టకూడదు, ఆ మనిషి నడకని బట్టే పెట్టాలి. ఆ గుర్తు దగ్గర పైపుకి, వేళ్లు ఒరుసుకుంటూ వెళ్లే లోపలి వైపున, మువ్వల పట్టీ ఒకటి బిగించి కట్టాను. పాత డ్యాన్సు గజ్జెల్లోంచి తీసిన పది మువ్వలు. చెయ్యి జారుతూ వచ్చి తగలగానే "ఘల్లు"మంటుంది. అంతే యంత్రం. బ్యాటరీ లేదు, వైరు లేదు. ఎండాకాలం, వానాకాలం తేడా లేదు.

ఇందులో నాకు బాగా నచ్చినది నేను ముందు ఊహించనిది. రెయిలింగ్ పట్టుకోకుండా దిగితే మువ్వలు మోగవు. మోగకపోతే ఆవిడకి ఏదో వెలితి. వారం తిరిగేసరికి, ఎన్నేళ్లు చెప్పినా పట్టుకోని మనిషి, రెయిలింగ్ వదలడం మానేశారు. వంటింట్లో ఉన్న మా ఆవిడకి కూడా అమ్మ క్షేమంగా దిగిందని ఆ ఘల్లుమన్న చప్పుడుతోనే తెలిసేది.

పిల్లలు వాటిని ఆటకి మోగిస్తారని మీకు అనుమానం రావచ్చు. మోగిస్తారు, పదిరోజుల్లో మానేస్తారు. అమ్మగారు దిగుతున్నప్పుడు మాత్రం చెయ్యి పెట్టొద్దని చెప్పండి.

శబ్దం ఎంత సన్నగా ఉండాలి, ఎంత బొంగురుగా ఉండాలి అన్నది చాలామంది పట్టించుకోరు. వయసు పెరిగే కొద్దీ ముందు పోయేది కీచు శబ్దాలు వినే శక్తి. ఎలక్ట్రానిక్ షాపులో దొరికే చిన్న నల్ల బజర్లు సరిగ్గా ఆ కీచు స్థాయిలోనే, రెండు మూడు వేల హెర్ట్జ్ దాటి మోగుతాయి. మీకు చెవులు చిల్లులు పడుతున్నట్టుంటుంది, అమ్మగారికి ఏమీ వినపడకపోవచ్చు. అమెరికాలో అగ్నిప్రమాద అలారాల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 హోటళ్ల వంటి చోట్ల నిద్రపోయే గదుల్లో అలారం 520 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా తక్కువ స్థాయిలో మోగాలని పెట్టింది ఇందుకే. వినికిడి తగ్గినవాళ్లని కూడా అది లేపగలదు. కాబట్టి అమ్మగారికి చిన్న మువ్వలు వినపడుతున్నాయో లేదో వెనకనుంచి మోగించి చూడండి. వినపడకపోతే ఎద్దుల మెడలో కట్టే గంట ఒకటి తెచ్చి కట్టండి. దాని చప్పుడు "ఠణ ఠణ" కాదు, "డొంగు డొంగు"మని లోతుగా ఉంటుంది. వినికిడి మరీ తక్కువైనా బాధ లేదు, వేళ్లకి తగిలేది ఎలాగూ ఉంది.

ఇంత చెప్పినా ఎలక్ట్రానిక్‌గానే చెయ్యాలని మీకు మనసు పీకుతుంటే (నాకూ పీకింది) ఇలా చెయ్యండి. వేడిని చూసే సెన్సర్ వద్దు. చివరి మెట్టు మీదుగా అడ్డంగా వెళ్లే ఇన్‌ఫ్రారెడ్ కిరణం వాడండి. ఇటు గోడకి ఒకటి, అటు ఒకటి, కాలు అడ్డొస్తే తెగుతుంది. మెట్టు మీద నుంచి ఆరంగుళాల ఎత్తులో పెట్టండి. ఒక్క కిరణమే ఉంటే ఎక్కుతున్నారో దిగుతున్నారో దానికి తెలీదు. పై మెట్టు మీద ఇంకొకటి పెడితే, పైది ముందు తెగి కిందది తర్వాత తెగినప్పుడే మోగేలా ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. లేకపోతే ఎక్కే ప్రతివాడికీ మోగి, మా బావమరిది కండువా కథ మళ్లీ మొదలవుతుంది. మాట వద్దు, ఒక్క "టొక్" చాలు, చెక్కమీద కొట్టినట్టు. మాట అర్థం కావడానికి సమయం పడుతుంది, చప్పుడుకి కాలు వెంటనే స్పందిస్తుంది. కరెంటు మాత్రం ఇన్వర్టర్ లైన్ నుంచి ఇవ్వండి. కరెంటు పోయినప్పుడే చీకటి, చీకట్లోనే దీని అవసరం. బల్లుల సంగతి మరిచిపోకండి, సెన్సర్ ముందు ఒక బల్లి చేరిందంటే రాత్రంతా "టొక్ టొక్".

ఏం చేసినా సరే, చివరి మెట్టుని వదులుగా పెట్టి కిర్రుమనిపించడం, దానిమీద చప్పుడు చేసే మ్యాట్ వెయ్యడం లాంటివి వద్దు. మెట్టు మీద కదిలేది ఏదైనా ప్రమాదమే.

పై చివర సంగతి. ఇక్కడ జపాన్‌వాళ్ల పద్ధతి చూడండి. అక్కడ చాలా రైల్వే ప్లాట్‌ఫారాల్లో మెట్ల దగ్గర స్పీకర్లోంచి పక్షి కూతలు వస్తుంటాయి. చూపు లేనివాళ్లకి మెట్లు ఏ వైపున్నాయో చెప్పడానికి. అంచు ఎక్కడుందో మాత్రం పక్షి చెప్పదు, కాలి కింద ఉబ్బెత్తు పలకలు చెబుతాయి. ఆ పలకలు కనిపెట్టింది సెయిచీ మియాకే అనే జపాన్ ఆయన, 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి వేశారు. మన హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో పసుపు రంగులో కనిపించేవి అవే. శబ్దం దూరం నుంచి దారి చూపిస్తుంది, అంచు కాలికి తగిలి తెలుస్తుంది. మీ ఇంట్లో పక్షులక్కర్లేదు. పై మెట్టుకి ఒక అడుగు ముందు, వెడల్పంతా గరుకుగా ఉండే పట్టీ ఒకటి అతికించండి, గ్రానైట్‌కి బాగా తేడా తెలిసే రంగులో. అలాగే ప్రతి మెట్టు అంచుకీ పసుపో తెలుపో పట్టీ. నల్ల గ్రానైట్ మెట్టుకి నల్ల అంచు ఉంటే దేవుడికి కూడా కనపడదు.

ఇక నాన్నగారి నిచ్చెన.

ఆయనకి కావలసిన శబ్దం నిచ్చెన మీద లేదు, ట్యాంకులో ఉంది. నీళ్ల మట్టం చెప్పే అలారం ఎలక్ట్రికల్ షాపుల్లో కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. ట్యాంకులోకి రెండు మూడు వైర్లు దిగుతాయి, నీళ్లు వాటిని తాకగానే కింద వంటింట్లో మోగుతుంది. నిండినప్పుడు ఒకటి, అడుగంటినప్పుడు ఒకటి మోగేది తీసుకోండి. బ్యాటరీతోనో తక్కువ వోల్టు అడాప్టర్‌తోనో నడిచేదే కావాలి, 230 వోల్టుల వైరు నీళ్లలోకి దింపే పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు. ట్యాంకు నిండి నీళ్లు ధారగా పడే చప్పుడు విని "మోటార్ ఆపండ్రా" అని అరిచే ఇళ్లలోనే మనమంతా పెరిగాం, ఇది దాని తమ్ముడే. మోగితే ఎక్కక్కర్లేదు. ఎక్కకపోతే పడరు.

ట్యాంకు కడిగే రోజున ఎవరో ఒకరు ఎక్కాలి కదా. ఆ ఇనుప నిచ్చెన గోడలోకి దిగిన చోట్ల తుప్పు చూడండి. పైన రంగు నిగనిగలాడుతుంది, లోపల కమ్మి పప్పయిపోయి ఉంటుంది. స్పానర్‌తో ప్రతి మెట్టునీ రెండు చివర్లా కొట్టండి. గట్టిది "ఠంగ్"మని మోగుతుంది, పోయినది "డబ్"మని చచ్చిన చప్పుడు చేస్తుంది. టైల్స్ మేస్త్రీ కర్రతో తట్టి బోలు పట్టుకుంటాడే, అదే విద్య. ఒక్క మెట్టు అలా పలికినా వెల్డర్ వచ్చేదాకా ఎవర్నీ ఎక్కనివ్వకండి.

గోడకి ఆనించే నిచ్చెన కూడా మీ ఇంట్లో ఉంటే, నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కింద జరపాలి. పన్నెండు అడుగుల పైన ఆనితే కింద మూడడుగులు బయటికి. డాబా మీదకి దిగేటట్టయితే నిచ్చెన అంచు దాటి మూడడుగులు పైకి ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి. కంటితో ఈ వాలు పట్టడం మా ఫ్యాక్టరీలో పాతికేళ్లు చేసినవాళ్లకి కూడా కుదరలేదు. అందరూ కాస్త నిటారుగానే పెడతారు. అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ దీనికోసం ఉచితంగా ఒక ఫోన్ యాప్ తెచ్చింది. ఫోన్‌ని నిచ్చెనకి ఆనిస్తే వాలు 75.5 డిగ్రీలకి సరిపోయిందో లేదో తెర మీద చూపిస్తుంది, చప్పుడుతోనూ వణుకుతోనూ కూడా చెబుతుంది. రెండు చేతులూ నిచ్చెన మీద ఉన్నప్పుడు చెవితో తెలియడం ఎంత హాయో వాడితే తెలుస్తుంది. వాలు చూశాక ఫోన్ కిందే వదిలెయ్యండి. నిచ్చెన మీద ఉన్నప్పుడు జేబులో మోగే ఫోన్‌ని మించిన చెడ్డ శబ్దం లేదు, ఒక చెయ్యి దానికదే జేబులోకి పోతుంది.

లాగితే పొడవయ్యే అల్యూమినియం నిచ్చెన అయితే ప్రతి మెట్టు దగ్గరా రెండు వైపులా "క్లిక్" వినపడాలి. ఒక వైపే వినపడిందంటే రెండో వైపు కొక్కెం పడలేదని అర్థం. వెదురు నిచ్చెన కిర్రుమంటూనే ఉంటుంది, అది దాని స్వభావం. నిన్నటిదాకా లేని చోట కొత్తగా టిక్కుమంటే మాత్రం దిగిపోండి.

చివరి మెట్టు గొడవ నిచ్చెనకీ ఉంది, వెనక్కి దిగుతాం కాబట్టి ఇంకా ఎక్కువ. లిటిల్ జయంట్ అనే అమెరికా కంపెనీ కొన్ని నిచ్చెనల్లో కింది మెట్టు మీద కాలు పెట్టగానే కొద్దిగా కదిలి టక్కుమనేలా చేసింది, నేల దగ్గరకొచ్చావని చెప్పడానికి. మీకది అక్కర్లేదు. కింద నిచ్చెన పట్టుకునే మనిషి ఊరికే నిలబడకుండా "ఇంకా మూడు... రెండు... ఇదే ఆఖరు" అని పైకి చెప్పాలి. మా ఫ్యాక్టరీలో ఇది రూలు. మొదట్లో కుర్రాళ్లు సిగ్గుపడేవాళ్లు, పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. ఒకసారి కింద మనిషి చెప్పడం మరిచిపోతే, పైనున్న పెద్దాయన అక్కడే ఆగిపోయి "ఏరా, నోరు పడిపోయిందా?" అని కేకేశాడు. చప్పుడు రాకపోతే ఆగిపోవడం ఆయనకి అలవాటైపోయింది, నాకు కావలసిందీ అదే.

కింది మెట్టు కొలిచాక మిగతావాటితో ఎంత తేడా ఉందో రాయండి. పావు అంగుళం లోపైతే మువ్వలతో మొదలుపెట్టొచ్చు. అంగుళం దగ్గరికొస్తే ముందు మేస్త్రీని పిలిచి ఆ మెట్టు సరిచేయించండి, మువ్వలు తర్వాత కడదాం.